బాయిలర్ ధర్మేందర్ తువ్వాల

శ్రీజ భయమల్లా ఒక్కటే. ఏదో ఒక పూట కూతురు పండు దగ్గుతూ దగ్గుతూ మళ్లీ ఊపిరి తీసుకోదేమోనని.

పాములంటే భయం లేదు. విడాకులిచ్చి వెళ్లిన మొగుడంటే అసలే లేదు. నాలుగేళ్ల ఆ పిల్ల దగ్గితే మాత్రం పరుగెత్తి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

మిర్యాలగూడలో వాళ్లుండేది రైస్ మిల్లు వెనక వీధి. అక్కడి ఆడవాళ్లు బట్టలు ఆరేసే ముందు దండెం తుడుస్తారు. తుడిచాక వేలితో రుద్ది చూస్తారు. వేలు నల్లబడితే మిల్లు సేటు ఏడు తరాలనూ తలచుకుని మళ్లీ తుడుస్తారు. ఆ వీధిలో పూజకంటే శ్రద్ధగా జరిగే పని అదే.

"దుమ్మన్నా తగ్గాలె, మీరన్నా ఇల్లు మారాలె" అన్నాడు దవాఖానలో డాక్టరు.

మారాలంటే ఆత్మకూర్‌లో అన్న ఇంటికే పోవాలి. అక్కడ వదిన వదిలే పొగకు ఏ పొల్యూషన్ బోర్డూ నోటీసివ్వదు.

ఒకరోజు ఉతికి ఆరేసిన పండు తెల్ల గౌను నల్లచుక్కల గౌనైంది. శ్రీజ దాన్ని పట్టుకుని మిల్లు గేటు దగ్గరికి పోయింది. బాయిలర్ నడిపే ధర్మేందర్ అక్కడ చాయ్ తాగుతున్నాడు.

"ఇదేం రంగో చెప్పు!"

అతను గౌనును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొద్దుగాల తెల్లగుండెనా అక్కా?"

"అక్కనా? నీకంటె పెద్దదాని లెక్క కనవడుతున్ననా?"

"కోపంలున్న ఆడోళ్లందరు నాకు అక్కలే. జర సేఫ్టీ ఉంటది."

శ్రీజకు నవ్వొచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకుంది. "పొగల దుమ్మును పట్టే మెషిన్ పెట్టాల్నని రూలుంది కద?"

"పెట్టినం. గాడ సూడు, పెండ్లికొడుకు లెక్క ఎట్ల మెరుస్తున్నదో. ఆఫీసర్లు వస్తున్నరంటె ఆన్ చేస్తం, పోంగనే ఆఫ్. కరెంటు బిల్లు సూస్తె సేటుకు గుండె నొప్పి."

"నువ్వు ఆన్ చేయొచ్చు కద?"

"చేస్తే నన్ను ఇంటికి తోలుతడు." గౌను మడిచి ఆమె చేతిలో పెట్టాడు. గొంతు తగ్గించాడు. "సోమవారం ఆఫీసర్లు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పో. ఉత్త మాటలు చెప్తే రాసుకుంటరు, మర్చిపోతరు. రోజుకో తెల్లగుడ్డ ఆరెయ్యి. మసి పట్టినంక మడతపెట్టి దాసిపెట్టు. టేబుల్ మీద గుడ్డలు పరిస్తే ఎట్ల సూడరో సూద్దాం."

పక్కింట్లో ఒంటరిగా ఉండే జానమ్మ తన పాత తెల్లచీర చింపి ఇచ్చింది. ఇస్తూ వంగిపోయేంతగా దగ్గింది.

"నీగ్గూడ దగ్గేనా పెద్దమ్మా?"

"దగ్గా? కాదు బిడ్డా, గొంతు సవరించుకుంటున్న."

ఇక ధర్మేందర్ డ్యూటీ దిగగానే శ్రీజ ఇంటి గోడ దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. గుడ్డలు చూసే వంకతో శ్రీజను చూసేవాడు. శ్రీజ చూస్తే పండుకు చాక్లెట్ ఇచ్చే వంక ఉండనే ఉంది.

ఒక సాయంత్రం వాన మొదలైంది. ఇద్దరూ పరుగెత్తి గుడ్డలు లాగేసరికి మసినీళ్లు ముఖాల మీద కారాయి.

"అక్కా, నీ ముక్కు మీద..."

"ఇంకోసారి అక్క అన్నవనుకో, ఈ గుడ్డ నీ నోట్ల కుక్కుత!"

అతను గుడ్డ అందకుండా రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ రోజు నుంచి ఏమని పిలవాలో తెలియక, "ఇగో... గిటు సూడు" అని మొదలుపెట్టాడు. వీధి మొత్తానికీ అది పెళ్లయినవాళ్ల పిలుపులాగే వినపడింది.

సోమవారం శ్రీజ, తనతోనే ఉండే తల్లి బుచ్చమ్మను వెంటబెట్టుకుని ప్రజావాణికి వెళ్లింది. ఆఫీసరు ముందు సంచి విప్పింది. గుడ్డలన్నీ మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి.

"అమ్మా! ఏం చేసినవే?"

"ఆఫీసర్ల ముంగట మురికిగుడ్డలు పెడ్తరా ఎవరన్న? తల్లి గిదేనా నేర్పింది అనరా?" బుచ్చమ్మ గర్వంగా అంది. "రాత్రే ఉతికి నీలిమందు గూడ పెట్టిన."

ఆఫీసరు ఒక గుడ్డను ఎత్తి పట్టుకున్నాడు. "మా ఇంట్లో బట్టలు కూడా ఇంత తెల్లగా ఉండవమ్మా. మరి మసి ఎక్కడ?"

హాలంతా నవ్వింది. శ్రీజ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆత్మకూర్ బస్సు, వదిన గుమ్మం, పండు ఎగశ్వాస ఒకేసారి కళ్లముందు కదిలాయి.

ఎప్పుడొచ్చాడో, వెనక వరసలోంచి ధర్మేందర్ ముందుకొచ్చాడు. మెడలో తువ్వాల తీసి టేబుల్ మీద పరిచాడు. నల్లగా, కమురు వాసనతో ఉంది.

"ఇది పొద్దుగాల తెల్లది సార్. ఆ మిల్లుల బాయిలర్ నేనే నడిపిస్త. మెషిన్ ఉన్నది, నడవనిస్తలేరు."

ఆఫీసరు తువ్వాలను వాసన చూసి, పొల్యూషన్ బోర్డుకు ఫోన్ కలిపాడు.

మధ్యాహ్నానికల్లా అతని ఉద్యోగం పోయింది. ఆ తర్వాత పొల్యూషన్ బోర్డు వాళ్లు చెప్పకుండా వచ్చి పడ్డారు. దుమ్ము మెషిన్ ఆన్‌లో లేకపోతే బాయిలరే రాజుకోకుండా వైర్లు కలిపించి పోయారు. మున్సిపాలిటీ వాళ్లేమో మిల్లు బూడిద మోసే ట్రాక్టరుకు టార్పాలిన్ పట్టా కప్పకపోతే గేటు దాటనివ్వలేదు.

దండెం మీద రుద్దిన వేలు శుభ్రంగా వచ్చింది. పండు తెల్లవార్లూ నిద్రపోయింది. శ్రీజకు మాత్రం పట్టలేదు. గోడ దగ్గర ఎవరూ లేరు మరి.

వానలు వెనకబట్టాక ఒకరోజు అతను తెల్ల అంగీతో వచ్చాడు.

"యాడ సచ్చినవ్ ఇన్ని రోజులు?"

"కోదాడల. వేరే మిల్లు. మెషిన్ ఆపమంటె పనిల చేరనని ముందే చెప్పిన. ఎవరొప్పుకుంటరు? దొరికేసరికి గిన్ని రోజులాయె."

"ఒక్క ఫోన్ చేయరాదా?"

"నంబర్ అడుగుదామంటె, ఏమని పిలిచి అడగాల్నో తెల్వకపాయె."

శ్రీజ దగ్గరికొచ్చి అతని కాలర్ మీద వేలితో రుద్దింది. వేలు చూసుకుంది. మసి అంటలేదు.

"డ్యూటీ దిగి సీదా గిటే వచ్చిన" అన్నాడు ధర్మేందర్. చూపు దండెం మీదికి తిప్పాడు. "నువ్వు, పండు గాడికొస్తే... ఇగ దండెం తుడిసే పని నాది."

శ్రీజ నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి బుచ్చమ్మ కేకేసింది. "నీలిమందు నేను తెస్త అల్లుడా!"

"నేనింక ఊ అననేలేదు!" అంది శ్రీజ. కానీ ఆ వేలు మళ్లీ కాలర్ మీదికే పోయింది.

ఇప్పుడు వాళ్లంతా కోదాడలో ఉన్నారు. పండు దగ్గు తగ్గింది, అల్లరి పెరిగింది. జానమ్మ మాత్రం పాత వీధిలోనే ఉండిపోయింది. శ్రీజ ఫోన్ చేసినప్పుడల్లా అటునుంచి అదే మాట, గొంతు సవరించుకుంటున్నానని. ఇన్నేళ్లుగా మింగిన బూడిదను ఏ మెషిన్ వెనక్కి లాగుతుంది?

మీరెవరైనా మిర్యాలగూడలో ఆ వీధికి వెళ్తే జానమ్మ తలుపు ఒకసారి కొట్టండి. బాగున్నానంటుంది. నమ్మకండి. చాయ్ తాగే వంకతో కాసేపు కూర్చుని, ఆమె ఊపిరి ఎలా ఉందో విని రండి.