మొదటి వరసలో ఒక చూపు

"రహస్య సమాచారం మోసే మన కొరియర్‌ని లేపేశారు," అన్నాడు చీఫ్. "ఇలాగే కూర్చుంటే సాయంత్రానికి సైంటిస్టునీ లేపేస్తారు!"

ఆ మాటల్ని వదిన చేతులతో చెప్పింది. ఏజెంట్ మైనాకి పుట్టుకతోనే వినపడదు. మైనా అన్నని కట్టుకున్న పాపానికి వదిన డిపార్ట్‌మెంట్ ఇంటర్‌ప్రెటర్ అయి కూర్చుంది.

టార్గెట్, సభలో మాట్లాడబోయే రాడార్ సైంటిస్టు. విదేశీ ముఠా హంతకుడు వెయిటర్ వేషంలో వస్తాడని కబురు తెచ్చింది డిపార్ట్‌మెంట్ గూఢచారిణి నెమలి. పట్టు గౌను, ముత్యాల నెక్లెస్, రెండు దేశాలకీ ఒకటే నవ్వు!

"వెయిటర్ల సంగతి మావాళ్లు చూసుకుంటారు," అన్నాడు చీఫ్. " మైనా బధిర ఇంజినీర్ల వరసలో ఊరికే కూర్చుంటే చాలు. తేడా వచ్చిందా, మళ్లీ ఫైళ్ల గదికే!"

మైనాకి ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఆ గదిలో దుమ్ము మింగింది ఈ ఒక్క ఛాన్సు కోసమే.

హాల్లో మొదటి వరసలో, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన ఐదుగురు. మైనా ఎదురుగా నిలబడి సైగలతో పలకరించింది. "ఈ ఏసీ మనల్ని చంపేలా ఉంది!"

నలుగురు ఆమె మొహంలోకి చూస్తూ నవ్వారు. సైగల్లో పుట్టి పెరిగినవాళ్లు చూసేది మొహాన్నే. చేతులు వాటంతటవే కంట పడతాయి. ఐదోవాడు మాత్రం ఆమె వేళ్ల వెంట కళ్లు పరిగెత్తించి, కాస్త ఆలస్యంగా నవ్వాడు. ఓరి నీ! క్లాసులో నేర్చుకున్న సరుకు!

అంటే హంతకుడు వీడే, వెయిటర్ల కథంతా నెమలి అల్లిందే. తలుపు దగ్గర నెమలి పక్కనే ఉన్న వదినకి మైనా సైగ చేసింది. "నెమలిని వదలకు. వీడు నా వంతు."

సైంటిస్టు మైకు ముందుకొచ్చాడు. ఐదోవాడు చెవి మిషన్ తీసి వేదిక వైపు తిప్పాడు. లోపల విషపు సూది! మీట మీద బొటనవేలు బిగిసింది.

మైనా దూకింది. బరువంతా వాడి మణికట్టు మీద పడేసింది. సూది సైంటిస్టు చెవి పక్కనుంచి వెళ్లి తెరలో దిగింది. వాడు నేల కరిచాడు.

నెమలి పరుగెత్తబోయింది. వదిన రెండు కాళ్లూ ఆమె గౌను మీద వేసి నిలబడింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వదిన పట్టింది.

చీఫ్ ఛాతీ విరుచుకుంటూ వచ్చాడు. "మైనాని అక్కడ కూర్చోబెట్టిన ఐడియా నాదేనని పైవాళ్లకి చెప్పేశాను. రేపటి నుంచి ఫీల్డ్ డ్యూటీ!"

వదిన ఆ మాటల్ని చేతులతో చెప్పగానే మైనా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందం పట్టలేకపోయింది. ఆ తరవాత ఐడియా తనదేనన్న చీఫ్ మాట గుర్తొచ్చింది కాబోలు, ఆమె చేతులు చాలాసేపు, చాలా జోరుగా ఆడాయి. చూపుడువేలు చీఫ్ ముక్కు దాకా వెళ్లి ఆగింది.

"ఏమంటోంది?" అన్నాడు చీఫ్.

వదిన గొంతు సవరించుకుంది. "అంతా మీ దయ అంటోంది సార్."