ఇరవయ్యో విషయం

పళ్ళ డాక్టరు ఆ చిన్న పుస్తకాన్ని బల్ల మీద పడేసి, "ఇది రాసిన మహానుభావుడెవరు?" అంది.

ట్రావెల్స్ ఆఫీసులో అందరూ ఒక్కసారిగా కంప్యూటర్లలో తల దూర్చేశారు. ఆ మహానుభావుడొక్కడే ఎటు చూడాలో తెలీక ఆమెనే చూశాడు. ఎండకి ఆమె ముక్కు మీద తోలు ఊడింది. అయినా బాగుంది. కోపంలో ఇంకా బాగుంది.

పుస్తకం పేరు 'దీవికి వెళ్ళేముందు తెలుసుకోవలసిన ఇరవై విషయాలు'. దాన్ని నమ్మి ఆమె మేనత్తతో కలిసి వారం రోజులు దీవిలో ఉండి వచ్చింది. పదకొండు తప్పులున్నాయని వేళ్ళు మడిచి మరీ చెప్పింది. వాన పది నిమిషాల్లో ఆగిపోతుందన్నారు, రెండు రోజులు గది కదలనివ్వలేదు. చెప్పుల్లేకుండా తీరం వెంట నడవమన్నారు, పగడపు ముక్క గుచ్చుకుని కుంటుకుంటూ తిరిగింది. కొబ్బరిచెట్టు నీడలో పడుకోమన్నారు, మేనత్త పక్కకి ఒత్తిగిలిందో లేదో ఆ చోటే కాయ పడింది.

"అవన్నీ వదిలేస్తాను. ఇరవయ్యోది మీకెక్కడ దొరికింది?"

అతను పుస్తకం తెరవక్కర్లేదు. సూర్యాస్తమయం వేళ దీవివాళ్ళు మాట్లాడరనీ, మనమూ మౌనంగా ఉండడమే మర్యాదనీ రాశాడు.

"మా అత్తయ్య నోరు మూసుకోవడం మా వంశంలో ఎవరూ చూడలేదు. వారం రోజులూ సాయంత్రాలు బిగబట్టుకుని కూర్చుంది. ఆ వేళకి డ్యూటీకొచ్చే హోటల్ మేనేజరు జాలిపడి, పుట్టినప్పట్నుంచీ మాట రాదా అని నన్నడిగాడు."

అతనికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయి దొరికిపోయాడు. ఇక లాభం లేదని నిజం ఒప్పుకున్నాడు. పంతొమ్మిది వేరేవాళ్ళ పుస్తకాల్లోంచి ఎత్తినవి. అంకె ఇరవై ఉండాల్సిందేనని ఓనరు పట్టుబడితే, చివరిది టీ తాగుతూ అల్లేశాడు. దీవి మొహం ఇంతవరకూ చూడలేదు. పడవంటే భయం.

ఆమె కరగలేదు. ఫిర్యాదు కాగితం ఓనరు గదిలోకి వెళ్ళింది. ఓనరు బయటికొచ్చి ఒకటే చెప్పాడు: సోమవారం కొత్త కాపీలు ప్రెస్సుకెళ్ళేలోపు ఆవిడ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి, లేదా ఇతను కుర్చీ ఖాళీ చెయ్యాలి.

మర్నాడు అతను పంటినొప్పి వంకతో క్లినిక్‌కి వెళ్ళాడు. ఆమె నోరు తెరిపించి, లైటు వేసి చూసింది.

"ముప్పై రెండూ దివ్యంగా ఉన్నాయి. మీకు అబద్ధం రాయడమే వచ్చు, చెప్పడం రాదు."

అతను కుర్చీలో పడుకునే బతిమాలుకున్నాడు. ఆమె లైటు ఆర్పి ఒక దారి చెప్పింది. శుక్రవారం మేనత్త మళ్ళీ దీవికి వెళ్తానంటోంది, తనకి మాట వచ్చో రాదో ఆ మేనేజరుతో తేల్చుకోవాలిట. అతనూ తమతో వచ్చి, ఇరవై విషయాలూ కళ్ళారా చూసి దిద్దితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుంది.

పడవలో గంటన్నరసేపు అతను రెయిలింగుకి వేలాడుతూనే ఉన్నాడు. మేనత్త అతని వీపు నిమురుతూ పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేసింది. దాచే ఓపిక లేక అన్నిటికీ నిజమే చెప్పాడు.

రెండు రోజులు డాక్టరూ అతనూ దీవంతా తిరిగారు. ఏ క్రీము రాసుకుని నీళ్ళలో దిగితే పగడాలు చచ్చిపోతాయో, ఏ పూట చివరి పడవ వెళ్ళిపోతుందో అడిగి రాసుకున్నారు. ఆదివారం సాయంత్రం, ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి కాగితం చేతికిచ్చింది.

అతను దాన్ని మడిచి తిరిగి ఆమెకే ఇచ్చి, ఓనరుకి ఫోను చేశాడు. అచ్చు ఆపమన్నాడు. తప్పులు పదకొండు కాదు, పద్నాలుగన్నాడు. అటునుంచి కేకలు ఆమెకి కూడా వినబడ్డాయి. లైను కట్టయింది.

"ఉద్యోగం పోయినట్టేనా?"

"అలాగే ఉంది."

"నేనిచ్చింది తీసుకుని ఊరుకోవచ్చుగా."

"మీతో ఒక మాట చెప్పాలి. దానికి ముందు నా దగ్గర అబద్ధాలేవీ మిగలకూడదనుకున్నాను." అతను అలలవైపు చూస్తూ చెప్పాడు. "మీరంటే నాకిష్టం. ఇది ఎక్కడా చూసి రాసింది కాదు."

ఆమె ముక్కే కాదు, ఈసారి చెవులు కూడా ఎర్రబడ్డాయి. చేతిలో కాగితాన్ని మడత మీద మడత పెట్టింది.

వెనకనుంచి మేనత్త అందుకుంది. "ఏమే, తల ఊపడానికి కూడా ముహూర్తం పెట్టించాలా? నేను పడవలోనే అన్నీ కనుక్కున్నాను. కుర్రాడు మంచివాడే."

ఫోను మోగింది. ఓనరు. పుస్తకం మొత్తం మొదట్నుంచి రాసి తగలడమనీ, ఎప్పటికిస్తావో ఇప్పుడే చెప్పమనీ అరుస్తున్నాడు. అతను నోరు తెరిచేలోపు ఆమె ఫోను లాక్కుంది.

"నేను ఫిర్యాదు రాసినదాన్నండి. ఇద్దరం కలిసి రాస్తున్నాం. కాస్త ఆలస్యమవుతుంది, తొందరపెట్టకండి."