ఎండకి అడ్డొచ్చిన కొబ్బరిమట్ట

"అంజిబాబు గారూ! ఎంత పని చేసేరండీ!"

దొడ్లో కొబ్బరి దింపు తీయిస్తున్న అంజిబాబు తలెత్తాడు. పక్కింటి డాబా మీద సాయిదుర్గ, చేతుల్లో నీలం చీర. దాని మీద తెల్లటి బాదం ఆకులు వరుసగా అచ్చుపడ్డాయి. వాటికి అడ్డంగా ఓ పాలిపోయిన చార.

"నేనేం చేసేనండి?"

"మీరు కాదు, మీ చెట్టు! మందు పట్టించిన గుడ్డని ఆకులు పేర్చి ఎండలో పెడితే, ఎండ తగిలినంత మేరా నీలం ఎక్కుద్దండి. నీడున్న చోట తెల్లగా ఉండిపోద్ది. నా ఆకుల పక్కన మీ చెట్టు తన ఆకు కూడా పెట్టింది. అమలాపురం మేడమ్‌గారి ఆర్డరండి ఇది!"

"ఆయ్," అన్నాడు అంజిబాబు. అతని నోట మాట రాబట్టడం కన్నా ఒలవని కాయలోంచి నీళ్లు తియ్యడం సులువని ఊళ్లో అంటారు.

మర్నాడు పదిన్నరకి డాబా మీద నీడ పడేస్తున్న కొబ్బరిమట్టకి తాడేసి, పక్కకి లాగి పట్టుకున్నాడు.

"ఇంకొంచెం లాగండి. ఆఁ, చాలు. ఇరవై నిమిషాలు కదలకండేం!"

అది రోజూ చేసే పనైపోయింది. పైన ఆమె మునగాకో గోరింటాకో పేర్చి, అవి కదలకుండా పైన గాజుపలక పెట్టి, పిట్టగోడ మీంచి కబుర్లు చెప్పేది. కింద అతను తాడు పట్టుకుని వినేవాడు.

"ఇవాళ ఏడు ఆయ్‌లండి. నిన్నటి మీద రెండెక్కువ. ఏంటండీ ఈ వాగుడు?"

మబ్బు పడితే ప్రింటుకి రెట్టింపు టైమ్. అంజిబాబుకి మబ్బులంటే ఇష్టం పట్టుకుంది.

శుక్రవారం సాయిదుర్గ మామ్మ వీరాయమ్మ చెట్టు కిందికొచ్చింది.

"ఆదివారం రావులపాలెం నుంచి మా పిల్లని చూసుకోడానికొస్తన్నారు. అరటి మండీవాళ్లు."

అంజిబాబు చేతిలో తాడు జారింది.

"నీడండీ!" పైనుంచి కేక.

మళ్లీ లాగి పట్టుకున్నాడు. వీరాయమ్మ అతన్నే చూస్తోంది.

"ఒరే అబ్బాయ్, ఆ తాడు గుంజకి కట్టేసి నీ పని నువ్వు చూసుకోవచ్చు కదరా? అసలా మట్టే కొట్టించేస్తే?"

అంజిబాబు చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు కూడా ఆయ్ అని ఊరుకుంటే ఆదివారం వచ్చేస్తుంది.

"కొట్టించేస్తే నాకిక్కడ పనుండదు కదండీ, మామ్మగారూ."

పైన గాజుల చప్పుడు ఆగిపోయింది. అతను తలెత్తాడు.

"సాయిదుర్గ గారూ, మీరంటే నాకిష్టమండి. వాళ్లని రావద్దనండి."

సాయిదుర్గ పిట్టగోడ మీదికి వంగింది. కోపంగా చూడబోయింది గానీ నవ్వాగలేదు.

"ఇంత డాబా ఉందండీ మాకు. పడమట పక్కన ఏ చెట్టు నీడా పడదు. నేనీ మూలే ఎందుకు పరుస్తున్నానో మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"ఓరి మీ ఇల్లు బంగారంగానూ!" వీరాయమ్మ నోరు నొక్కుకుంది. "ఇద్దరూ కలిసి నన్ను ఇన్నాళ్లు చీకట్లో కూచోబెట్టేరా! ఉండండి, రావులపాలెం ఫోన్ చేయించాలి." చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి లోపలికి పరుగుతీసింది.

అంజిబాబు తాడు వదిలి మెట్లవైపు అడుగేశాడు.

"అక్కడే ఉండండి! ఇంకా ఐదు నిమిషాలుంది," అంది సాయిదుర్గ. "ఆదివారం మీ అమ్మగార్ని తీసుకొస్తారుగా? అప్పుడు కట్టుకునే చీరండి ఇది."

అంజిబాబు ఒక్క గెంతులో వెనక్కొచ్చి, రెండు చేతులా తాడు బిగపట్టాడు.