తాళంచెవి గుర్తు

నెయ్యి డబ్బా మూత ప్రతిభ తనే తీసింది. నవనీత్ చేతికి ఇవ్వలేదు.

"ఇటియ్యి, నేను పోస్త," అన్నాడు నవనీత్.

"నువ్వు దూరం జరుగు. పోసుడు నాది. కలిపేటప్పుడు నీ చేతులు నాకు కనవడాలె."

"పోలీసులను గిట్ట పిలువమంటవా?"

"అవసరమైతె నేనే పిలుస్త."

డిసెంబరు వచ్చిందంటే బాబుపేట్‌లోని ఆ బేకరీ సగం రోజు ఇళ్ళవాళ్ళదే. చర్చికి వెళ్ళే తెలుగువాళ్ళు మైదా, చక్కెర, నెయ్యి ఇంటి నుంచి తెచ్చుకుంటారు. నవనీత్, అతని తండ్రి మజూరి తీసుకుని పిండి కలిపి, నాన్‌ఖటాయి బిళ్ళలు చేసి, భట్టిలో కాల్చి ఇస్తారు. ఒకరివి ఒకరికి పోకుండా భట్టిలో పెట్టేముందు ప్రతి ఇల్లూ తన గుర్తు ఒత్తుకుంటుంది. ఒకరిది సీసా మూత, ఒకరిది గుండీ. ప్రతిభ వాళ్ళది బీరువా తాళంచెవి. "తాళం గుర్తున్నయి ఎవ్వడు ముట్టడు," అంటుంది ఆమె తల్లి నర్సక్క. పండుగ పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలు ఆ బిళ్ళలను పళ్ళాల్లో పెట్టుకుని వాడంతా పంచుతారు.

కిందటేడు ఆ పళ్ళెమే పరువు తీసింది. నర్సక్క అసలు నెయ్యి పంపితే సగం బిళ్ళలు డాల్డా వాసన వేశాయి. గుర్తు తమదే. రుచి తమది కాదు. అదే రోజు పక్కింటి సారక్క చర్చి మెట్ల మీద నిలబడి, "ఈసారి మాయి మస్తు కుదిరినయ్, నోట్ల పెడితె కరుగుతున్నయ్," అని అందరికీ చెప్పింది. సారక్క ఏటా పంపేది డాల్డానే. సారక్కకు నిర్మల అనే కూతురు ఉంది. పెళ్ళి కావలసిన కూతురు.

ప్రతిభకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

కొత్త సంవత్సరం రాగానే నవనీత్ తల్లి సంబంధం అడిగింది. "నెయ్యి దొంగను చేసుకోను," అంది ప్రతిభ. తర్వాత తలుపు వేసుకుని ఏడ్చింది. అది ఎవరికీ తెలియదు. ఆ మీదట ప్రతి శనివారం అదే బేకరీకి వెళ్ళి డబల్‌రొట్టె కొని, కళ్ళ ముందే తూకం వేయించేది. ఎప్పుడూ తక్కువ రాలేదు. ఒకసారి ఎక్కువ తూగింది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఇప్పుడు బల్లార్‌పూర్ నుంచి ఇంకో సంబంధం వచ్చింది. అబ్బాయికి కాగితం మిల్లులో ఉద్యోగం. ఇంట్లో కలర్ టీవీ, దానికి కేబుల్. "పండుగనాడు ఎస్టీడీ బూతుకు పోయి వాళ్ళకు ఫోన్ చెయ్యాలె బిడ్డా. ఔనో కాదో తేల్చుకో," అన్నాడు తండ్రి సారయ్య.

నవనీత్ దొంగ అని తేలితే ఔను. కాకపోతే ఏమిటో ప్రతిభ పైకి అనుకోలేదు. అందుకే ఈసారి తనే కాపలా వచ్చింది.

వెంట అన్న పిల్లలు ఉన్నారు. సెలవులకు ఘుగ్గుస్ నుంచి వచ్చారు. జయ చర్చి నాటకంలో దేవదూత. వెండి కాగితం రెక్కలు కట్టుకునే బేకరీకి వచ్చింది, విప్పమంటే విప్పలేదు. తమ్ముడు అక్షయ్ తాళంచెవి మోసుకొచ్చాడు. ఏటా ఆ పని వాడిదే.

"నవనీత్ మామా, ఆ బిళ్ళలెవరియి?" అన్నాడు అక్షయ్.

"మామ ఎవడ్రా నీకు?" అంది ప్రతిభ.

"పిలువనీ. నాకైతె ఏం తక్లీఫ్ లేదు," అన్నాడు నవనీత్.

పక్క బల్ల దగ్గర నిర్మల ట్రే పెట్టింది. "నవనీత్, కిందటేడు లెక్కనే రావాలె మాయి, బరం కా, సరేనా!"

నవనీత్ ప్రతిభ వైపు ఒకసారి చూశాడు. "కిందటేటి లెక్క ఈసారి కుదరది."

ఎందుకు కుదురుతుంది, నేను కూర్చున్నాను కదా అనుకుంది ప్రతిభ. నిర్మల గుండీ ఇంటి దగ్గరే మరిచి తేవడానికి వెళ్ళింది. ప్రతిభ తన బిళ్ళల మీద తాళంచెవి ఒత్తి, దాన్ని బల్ల మీద పెట్టి, కళ్ళు నవనీత్ చేతుల మీద పెట్టింది. చేతుల మీద నుంచి అవి ఎప్పుడు మొహం మీదికి వెళ్ళాయో ఆమె గమనించలేదు. అతను చూసేసరికి తిప్పుకుంది.

నవనీత్ నిర్మల ట్రే దగ్గరికి వచ్చి ఆగాడు. ట్రేని చూశాడు. బల్ల కిందికి వంగాడు. లేచేసరికి పిడికిలి మూసి ఉంది.

ప్రతిభ లేచి వచ్చింది. "చెయ్యి తెరువు."

"ఏం లేదు."

"తెరువంటున్న గద!"

తెరిచాడు. తాళంచెవి. దాని పళ్ళకు పిండి. ట్రేలో నిర్మల వాళ్ళ బిళ్ళల మీద అదే గుర్తు.

"దొరికినవ్! డాల్డా బిళ్ళల మీద మా గుర్తేసి మాకంటగడ్తున్నవ్. కిందటేడు గిట్లనే చేసినవ్ గద?"

"ఔ," అన్నాడు నవనీత్. "నేనే చేసిన."

ఈ మాట కోసం ఆమె ఏడాది కాచుకుంది. తీరా వింటే గెలిచినట్టు అనిపించలేదు. అతని మొహం చూడలేక ట్రే వైపు తిరిగింది. అప్పుడు కనిపించింది. గుర్తులన్నీ వంకర. అన్నీ బల్ల అంచు వైపు వరుసల్లోనే. నవనీత్ చేయి భట్టి లోపలి మూల దాకా పోతుంది. ఈ గుర్తులు వేసిన చేయి ట్రే సగం దాకా కూడా అందలేదు.

ప్రతిభ బల్ల కిందికి వంగింది. అక్షయ్ ముక్కు మీద మైదా ఉంది.

"నువ్వారా?"

"దొంగలు ఎత్తుకపోవద్దని అందరియి తాళమేస్తున్న అత్తా," అని వాడు ఏడుపు మొదలుపెట్టాడు. "నానమ్మనే చెప్పింది గద, తాళం గుర్తుంటె ఎవ్వరు ముట్టరని. కిందటేడు గూడ ఏసిన. మామ ఎవ్వరికి చెప్పనన్నడు."

"నాకు తెల్సు, నేను గూడ చెప్పలే," అంది దేవదూత.

ప్రతిభ నెమ్మదిగా నిలబడింది. "ఎందుకు చెప్పలేదు నాకు?"

"భట్టిలకెళ్ళి తీసినంక చూసిన. రెండిళ్ళయి కలిసినయ్. తాళం గుర్తున్నయి ఏవి ఎవరియో తెల్వక చెరి సగం పంచిన. పోరడు ఏడ్సిండు. మాటిచ్చిన."

"మీ అమ్మ అడగొచ్చినప్పుడన్న చెప్పొద్దా? నిన్ను దొంగ అన్న నేను!"

"అన్నవ్. అని ప్రతి శనివారం వచ్చినవ్. దొంగ కాదని తెలిస్తె వస్తుంటివా?"

ప్రతిభ తక్కెడ వైపు చూసింది. ఇంకొక ప్రశ్న మిగిలింది. "మరి ఆ రొట్టె ఎందుకు ఎక్కువ తూగింది?"

"అది మాత్రం దొంగతనమే," అన్నాడు నవనీత్. "మా నాయినకు చెప్పకు."

పండుగ పొద్దున ప్రార్థన అయ్యాక పళ్ళాలు కదిలాయి. జయ రెక్కలతోనే వెళ్ళింది. ఇంట్లో నర్సక్క బీరువా ముందు నిలబడి కేక వేసింది. "తాళంచెవేదే? మీ నాయిన కొత్త అంగీ లోపలుంది. బూతుకు పోవాలె గద!"

"నవనీత్ వాళ్ళ పళ్ళెంల పెట్టి పంపిన."

"ఏంది?"

"బిళ్ళల కింద పెట్టిన. వాళ్ళే తెచ్చియ్యాలె. అందరు రావాలె."

సారయ్య నవ్వి, పాత అంగీ గుండీలు పెట్టుకున్నాడు. "బల్లార్‌పూర్‌కు కాదని చెప్పనీకి గీ అంగీ చాలు," అని బయటికి నడిచాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి నవనీత్ తల్లిదండ్రులతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో పళ్ళెం. ఖాళీ పళ్ళెం తిరిగి పంపకూడదు కాబట్టి మిగిలిన బిళ్ళల పక్కన కేకు ముక్కలు ఉన్నాయి.

ప్రతిభ గుడ్డ తీసి చూసింది.

"నేను నిండుగ పంపిన. సగం లేవు. తోవల ఎవరు తిన్నరు? అక్షయా?"

"వాని మీద పెట్టకు," అన్నాడు నవనీత్. "ఈసారి నిజంగనే నేను."