డేగా, నీళ్ల పురుగూ

"రేపు పెండ్లి సూపులకు హైదరాబాదోళ్లు వస్తున్రు. బాయిల పురుగులు సూస్తే ఏమనుకుంటరు? బ్లీచింగ్ ఎయ్యాల్సిందే!" ధనలక్ష్మి మూడోసారి అంది.

"పురుగు బతికితెనే నీళ్లు మంచియి. వాటి జోలికి పోకు," అత్త భూమవ్వ కూడా మూడోసారే అంది.

దేవిదాస్ భార్యనూ తల్లినీ మార్చి మార్చి చూశాడు. "ఒక్క మాట మీదికి రాండ్రి. గీ డబ్బ పట్టుకొని ఎంతసేపు నిలబడాలె?"

కూతురు సింధూజ బావిలోకి తొంగి చూసింది. నీళ్ల మీద మినప గింజలంత నల్ల పురుగులు గిరగిర తిరుగుతున్నాయి. వాటిని చూడగానే అఖిలేష్ గుర్తొచ్చాడు.

పోయిన వానాకాలం, ఎడపల్లి బస్టాపులో ఇద్దరూ తడిసి ముద్దయిన రోజు, అఖిలేష్ అడిగాడు: "నాందేడ్ షుగర్ ఫ్యాక్టరీల కెమిస్ట్ జాబ్ వచ్చింది. పోబుద్ధి అయితలేదు. ఎందుకో ఎర్కేనా?"

ఎరుకే. అయినా నోరు ఊరుకోలేదు.

"ఎందుకంటే నువ్వు నీళ్ల పురుగువి. ఉన్నకాడనే తిరుగుతవ్. నేను డేగను సార్! హైదరాబాద్ దాక ఎగురుత."

అతను నవ్వాడు. నుదుటి మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు. "డేగకు ఎంత దూరంల ఉన్నదైనా కనబడతదట. పక్కనున్నదే కనబడదేమో."

వారం తిరగకముందే నాందేడ్ వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ చేయలేదు. తనే చేస్తాడులే అని ఆమె ఏడాదంతా బెట్టు చేసింది.

"పాపం, ఇవి ఏడికీ పోలేవు కదా, నాయినమ్మా?" బావిలోకి చూస్తూనే అడిగింది సింధూజ.

"ఎవలన్నరు? ఈటికీ రెక్కలుంటయి బిడ్డా. మొన్న ఎండకాలం బాయి ఎండితే, పొద్దుగూకేసరికి ఒక్కటి లేదు. నీళ్లున్నన్ని రోజులు ఎగిరే పనేముంటది?"

అఖిలేష్ ఇక్కడ ఆగింది రెక్కలు లేక కాదన్నమాట.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు. సింధూజ తండ్రి కంచంలో పప్పు వడ్డిస్తూ మెల్లగా చెప్పింది.

"బాపూ, రేపు ఆళ్లను రావద్దను. నేను పొద్దుగాల బస్సుకు నాందేడ్ పోతున్న. అఖిలేష్‌ను మాఫీ అడగాలె. మాట్లాడకపోయినా సరే, అడిగే వస్త."

ధనలక్ష్మి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకోటి. బాయిల ఏమీ ఎయ్యకుండ్రి."