దయ్యం వోల్టేజి

"వైరు కోసేశాక కూడా ఇండికేటర్ వెలుగుతోందండీ," అంది ఆమె మా మెకానిక్ షెడ్డులోకి వస్తూనే.

బయట వాన. మధ్యాహ్నమే చీకటి కమ్మింది. ఆమె వెనక వాళ్ల నాన్నగారి పాత కారు. ఆయన కిందటి వేసవిలో పోయారట. అప్పటినుంచి ఇంటి మలుపు రాగానే ఎడమ ఇండికేటర్ దానంతటదే కొట్టుకుంటోందట.

"నాన్న దారి చూపిస్తున్నారని నేనంటాను. షార్ట్ సర్క్యూట్ అని అన్నయ్య అంటాడు. ఉత్త రిపేరేనని తేలితే రేపే తుక్కుకి అమ్మేస్తాడు."

నాకు ఒళ్లు జలదరించింది. వానకో, ఆమె కళ్లకో తెలియదు. కోసిన వైరుకి డిజిటల్ మీటరు పెట్టాను. నిండు బ్యాటరీలో ఉండేటంత, పన్నెండు వోల్టులు చూపించింది. ఎక్కడా కలవని వైరది.

"చూశారా, నాన్నే," అంది గుసగుసగా.

"కాదండీ, ఇది దయ్యం వోల్టేజి."

ఆమె మొహం మాడిపోయింది. "మా నాన్నని దయ్యం అంటారా?"

నా నోటికి తాళం వెయ్యాలి. "అయ్యో, అది మా షెడ్డు భాషండీ. పాత బండ్లలో చెమ్మకి పక్క వైరులోంచి పిసరంత కరెంటు కారుతుంది. ఈ మీటరు మరీ సున్నితం, దాన్నే పన్నెండని చూపించేస్తుంది. ఇలాంటి బండికి టెస్ట్ ల్యాంపే నమ్మకం. నిజంగా కరెంటుంటేనే బల్బు వెలుగుతుంది."

"అయితే అదే పెట్టండి."

నాకు చేతులు రాలేదు. వెలగకపోతే బండి తుక్కుకి పోతుంది, ఆమె ఇంటికి పోతుంది. మళ్లీ ఈ గుమ్మం ఎందుకు తొక్కుతుంది? అయినా ల్యాంపు క్లిప్పు కారు బాడీకి తగిలించి, మొన కోసిన వైరుకి పెట్టాను. వెలగలేదు.

ఆ బల్బు వంకే చూస్తూ ఆమె అంది, "అబద్ధం చెప్పొచ్చుగా."

"మీకు చెప్పలేనండీ." పని ఉన్నట్టు బ్యాటరీ విప్పుతూ, తలెత్తకుండా అనేశాను. "మీరు కారు దిగినప్పుడే మీరంటే ఇష్టం కలిగింది. అబద్ధంతో మొదలుపెట్టడం బాగుండదు."

డ్రైవరు సీటు కిర్రుమంది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. ఇద్దరం అటు చూశాం. ఎవరూ లేరు.

ఆమె టెస్ట్ ల్యాంప్ అందుకుని కోసిన వైరుకి తాకించింది. బల్బు వెలిగింది. నిండుగా, కదలకుండా వెలిగింది. విప్పిన బ్యాటరీ నా చేతుల్లోనే ఉంది.

"అన్నయ్యకి ఏం చెప్పమంటారు?" అంది కళ్లు తుడుచుకుంటూ.

బ్యాటరీని మెల్లగా నేలమీద దించాను.

"బండి అమ్మొద్దని చెప్పండి," అన్నాను. "మా మామయ్యగారు ఒప్పుకున్నారని కూడా చెప్పండి."