నోరా మామ్మ పాట

గుణదల దాటి కాలవ గట్టున వెళితే పెంకులు రాలిన ఇల్లొకటి ఉంది. చీకటి పడ్డాక ఆటోవాళ్లు అటు రారు. ఖాళీ ఇంట్లో వయొలిన్ మోగుతుందని వాళ్ల భయం. అది విని నేను నవ్వాను... యేసుకుమార్ భార్య కనకలక్ష్మి నోట ఈ సంగతి వినేదాకా.

పోయినేటి వరకూ ఆ ఇంట్లో నోరా మామ్మ ఉండేది. వాళ్ల తాత రైలింజన్ నడపడానికి ఐర్లాండ్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వెంట తెచ్చుకున్న ఆస్తల్లా ఆ దేశపు పాటలే. వాటిని కాగితం మీద రాసుకోరు, చెవితో విని పట్టుకోవాల్సిందే. వాయించే ముందు మాత్రం, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు చెప్పి తీరాలి. వాళ్లింట్లో అది ఒట్టుతో సమానం.

యేసుకుమార్ పెళ్లిళ్లలో వయొలిన్ వాయిస్తాడు. మామ్మ అతనికి తన తల్లి నేర్పిన పాటొకటి నేర్పింది. ఆ మహానుభావుడు దాన్ని "నా సొంత బాణీ" అని యూట్యూబ్‌లో పెట్టేశాడు! పది లక్షల మంది విన్నారు. మంచాన పడ్డ మామ్మ కబురంపి పిలిపించింది.

"నా పేరేదయ్యా?"

"పోయే ముందు పేరెందుకు మామ్మగారూ!" అని నవ్వేసి వచ్చాడు. వారం తిరక్కుండా ఆవిడ పోయింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొన్న శ్రావణంలో టీవీవాళ్లు అదే పాట వాయించమని పిలిచారు. అతని దశ తిరిగినట్టే. రేపు షూటింగ్ అనగా, రాత్రి ఎనిమిదింటికి మొగుడూ పెళ్లాం బండి మీద ఆ గట్టున వస్తున్నారు. సరిగ్గా ఆ ఇంటి ముందు — బండి ఆగిపోయింది.

లోపల వయొలిన్...

అదే పాట.

ఉన్నట్టుండి పాట ఆగింది. చీకట్లోంచి ఒక ముసలి గొంతు —

"ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"చెప్పేయండీ..." కనకలక్ష్మి అతని చొక్కా పట్టుకుని గుసగుసలాడింది. "ఆవిడ పేరు చెప్పేయండి, మీకు దణ్ణం పెడతాను."

చెబితే రేపు టీవీలో ఏ మొహంతో కూర్చోవాలి? యేసుకుమార్ పళ్లు బిగించాడు.

"నాదే! ఆ పాటకి నా పేరే!"

లోపల ఎవరో మెల్లగా నవ్వారు.

"అయితే... ఆ పేరు నాకిచ్చెయ్."

అంతే. బండి దానంతటదే స్టార్టయింది.

మర్నాడు స్టూడియోలో లైట్లు వెలిగాయి. యాంకరమ్మ నవ్వుతూ, "ముందు మీ పేరు చెప్పండి సార్" అంది.

నోరు తెరిచాడు... కెమెరా తిరుగుతూనే ఉంది. ముందు వరసలోంచి కనకలక్ష్మి ఉండబట్టలేక లేచింది.

"యేసుకుమార్ అని చెప్పండీ!"

అతను ఆవిడకేసి చూశాడు. చేతులు జోడించి, అడిగాడు —

"ఆయనెవరమ్మా?"